పదహారో రకం

నాకు వచ్చిన జబ్బు పేరు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఈ మాట ఇలా పూర్తిగా రాయడానికి నాకు ఏడాది పైనే పట్టింది. మొదట్లో మా ఇంట్లో అందరూ "ఆ జబ్బు" అనేవారు. చుట్టాలకు "కడుపులో గడ్డ" అని చెప్పుకున్నాం. ఫోన్లో పరామర్శించేవాళ్ళు కూడా సగం మాటలోనే ఆగి, "అదేనమ్మా... తగ్గిపోతుందిలే" అనేవారు. ఇప్పుడు గండం గడిచింది. మొన్నటి స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అందుకే దాచకుండా రాస్తున్నాను. నాకు జరిగినదే ఇప్పుడు ఇంకెవరికైనా జరుగుతూ ఉంటే, వాళ్ళు జబ్బుకు భయపడాలి గానీ జనానికి కాదని చెప్పాలని నా పట్టుదల.

నా పేరు సత్యవేణి. కొత్తపేటలో చిన్న టైలరింగ్ షాపు నాది. జాకెట్లు కుడతాను, పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు మగ్గం పని చేయిస్తాను. మా ఆయన రాంబాబు గారు కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తారు. మాకు ఒక్కతే కూతురు, హారిక. అప్పటికి తొమ్మిదో తరగతి.

గత ఏడాది మాఘమాసం పెళ్ళిళ్ళలో మొదలైంది. నెలసరి కాని రోజుల్లో మరకలు కనిపించేవి. నలభై దాటాయి కదా, ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందిలే అన్నారు నేను అడిగినవాళ్ళంతా. ఊళ్ళో డాక్టరు గారు మాత్రలు రాశారు. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలయ్యేది. నడుము లాగేసేది. ఒకరోజు మిషను దగ్గర నుంచి లేచేసరికి స్టూలు మీద నెత్తురు. స్కూలు నుంచి అప్పుడే వచ్చిన హారిక చూసింది. గుడ్డ తడిపి తెచ్చి తుడిచింది. తుడుస్తూ, "మామయ్యకి ఫోన్ చెయ్యమ్మా" అంది. నేను చెయ్యకపోతే అదే చేసింది.

మా అన్నయ్య సుబ్బారావుది కపిలేశ్వరపురం. గోదావరి లంకలో అరటి తోట ఉంది. ఫోన్ పెట్టేసిన వెంటనే బయల్దేరి వచ్చాడు. మర్నాడే నన్ను కాకినాడ తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ విభాగం ముందు పొడుగాటి బల్లలు ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడరు. ఫైలు బోర్లా పెట్టుకుని కూర్చుంటారు, పైన రాసింది ఎవరైనా చదువుతారేమోనని. నేనూ అలాగే పెట్టుకున్నాను. పరీక్ష చేసిన డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పంపుతానన్నారు. అందులోంచి కొంచెం పరిశోధనకు కూడా తీసుకుంటాం, మీకు సమ్మతమేనా అని అడిగారు. "ఈ క్యాన్సర్ ఒక వైరస్ వల్ల వస్తుందండి. ఆ వైరస్‌లో చాలా రకాలు ఉన్నాయి. మన జిల్లాలో ఏ రకాలు తిరుగుతున్నాయో, ఏవి ఎక్కువ మొండివో చూస్తున్నాం" అన్నారు. నాకు సగం అర్థమైంది. సరేనన్నాను. ఆ ముక్క ముందు నా ఒంట్లోంచి పోతే చాలు అనిపించింది.

ఉగాది వెళ్ళిన వారంలో ఫలితం చెప్పారు. డాక్టరమ్మ గొంతు తగ్గించలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తు. "క్యాన్సరేనమ్మా. కానీ నయం చెయ్యగలిగిన దశలోనే వచ్చారు. రేడియేషన్, దానితోపాటు వారానికోసారి మందు ఎక్కిస్తాం" అన్నారు. అన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. ఒప్పుకున్న పెళ్ళి జాకెట్లు ఎవరికి అప్పగించాలా అని ఆలోచిస్తున్నాను. మనిషి బుర్ర అలాంటిది.

అసలు దెబ్బ కాట్రేనికోన నుంచి వచ్చింది. మా ఆడపడుచు నాగమణి వదినగారు ఉండేది అక్కడే. మా ఆయనకు ఆవిడ అక్కా, అమ్మా కూడా. చిన్నప్పుడే తల్లి పోతే ఆవిడే పెంచారు. నా జబ్బు గురించి తెలిశాక ఆవిడ ఫోన్లో ఏదో వీడియో చూశారట. వైద్యం మొదలు కావడానికి ముందు రోజు నాకు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ వైరసు మగాడి వల్ల వస్తుందటగా?"

"ఆయ్. అలాగే అంటున్నారండి."

"మా తమ్ముడు చూస్తే రెండేళ్ళకోసారి గానీ రాడు. మరి నీకెలా వచ్చిందమ్మా?"

నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. జవాబు లేక కాదు. ఇన్నేళ్ళు ఆవిడ చేతికి నేనే గోరింటాకు పెట్టాను, ఆవిడ కంటికి ఆపరేషన్ అయితే నేనే పక్కన పడుకున్నాను. అలాంటి మనిషికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందని. "మీరే ఆలోచించుకోండి వదినగారూ" అని పెట్టేశాను. ఆ సాయంత్రం మా ఆయనకు కూడా ఆవిడ ఫోన్ చేసినట్టున్నారు. రోజూ రెండుసార్లు ఫోన్ చేసే మనిషి, ఆ తర్వాత చాలా రోజులు అన్నం తిన్నావా, మందు ఎక్కించారా అని మెసేజ్‌లు మాత్రమే పెట్టారు. గొంతు వినిపించలేదు.

ఏప్రిల్, మే నెలలు రేడియేషన్‌తో గడిచాయి. హారికను అన్నయ్య వాళ్ళింట్లో దింపి, వదినగారు అడిగింది అన్నయ్యకు చెప్పుకుని, ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ గదిలో నాతో పాటు మరిడమ్మ గారని ఇంకొకావిడ ఉండేవారు. కాట్రేనికోన అవతల సముద్రం ఒడ్డు ఊరు. ఎండుచేపల వ్యాపారం. ఆవిడదీ నా జబ్బే. యంత్రం కింద పడుకునేది కాసేపే, నొప్పి కూడా తెలియదు. తెలిసేదంతా గదికి వచ్చాకే. కడుపులో నిప్పు పోసినట్టు ఉండేది. నీళ్ళ విరేచనాలు. మందు ఎక్కించిన రోజు మంచినీళ్ళ వాసన కూడా పడేది కాదు. ఆ ఎండలో మరిడమ్మ గారు తను కక్కుకుని వచ్చి, ముఖం కడుక్కుని, నాకు మజ్జిగలో ఉప్పేసి ఇచ్చేవారు.

ఒకరోజు బల్ల మీద ఫైలు బోర్లా పెట్టుకుని కూర్చుంటే ఆవిడ దాన్ని తీసి తిరగేసి పెట్టారు.

"ఎందుకండీ అది?" అన్నాను.

"సిగ్గు మనకెందుకమ్మా? మనమేమైనా దొంగతనం చేసేమా? సిగ్గుండాల్సింది జబ్బుకి" అన్నారు గట్టిగా. బల్ల మీద ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. ఎదురుగా ఉన్న ఒకావిడ నవ్వింది. నవ్వి, తన ఫైలు కూడా తిరగేసుకుంది. ఆ రోజు నుంచి నేను ఫైలు బోర్లా పెట్టలేదు.

వైద్యం అయిపోయాక జూన్‌లో మొదటి పరీక్షకు అన్నయ్య తోడు వచ్చాడు. డాక్టరమ్మ సెలవులో ఉన్నారు. ఆవిడ దగ్గర చదువుకుంటున్న కుర్ర డాక్టరు చూశాడు. అంతా బాగుందని చెప్పి, "మీరు పరిశోధనకిచ్చిన ముక్క ఫలితం కూడా వచ్చిందండి. మీది పదహారో రకం వైరస్. అందులోనూ యూరప్ వంశం" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు.

కారెక్కగానే అన్నయ్య స్టీరింగ్ మీద చెయ్యి చరిచాడు.

"విన్నావా? యూరప్! నువ్వు గోదావరి జిల్లాలు దాటి ఎక్కడికెళ్ళేవు చెప్పు? కువైట్లో చూస్తే అన్ని దేశాల వాళ్ళూ ఉంటారు. నీ మీద నిందేసిన వాళ్ళకి దేవుడే సమాధానం చెప్పేడు."

ఒప్పుకుంటున్నాను, ఆ మాట నాకు చల్లగా తగిలింది. జొన్నాడ వంతెన మీద వస్తూ కిందికి చూస్తే ఎండకు ఇసుక మెరుస్తోంది. నా నోటితో నేను ఒక్క మాట అనక్కర్లేదు, వైరసే నా తరఫున సాక్ష్యం చెప్పింది అనుకున్నాను. ఇంటికి చేరేసరికి ఆ చల్లదనం పోయింది. నా మీద పడ్డ మట్టిని తీసి ఆయన మీద వెయ్యడమేగా ఇది? పైగా అది నిజమో కాదో నాకు తెలియదు. వదినగారు కూడా నిజం తెలియకుండానే కదా నన్ను అడిగింది?

ఆ నెలలోనే మా ఆయన సెలవు మీద వచ్చారు. మనిషి సగమయ్యారు. నన్ను చూసి, నా జడ కొస చేత్తో పట్టుకుని, "ఇంకా ఉందిలే" అన్నారు. జుట్టు ఊడిపోయి ఉంటుందని అనుకున్నారట. మా ఇద్దరి మధ్యా అంతకంటే మాటలు సాగలేదు. ఆ ఆదివారం నాగమణి వదినగారు తమ్ముణ్ణి చూడడానికి వచ్చారు. హారికను దింపడానికి అన్నయ్యా వచ్చాడు. భోజనాలు అయ్యాయి. హారికను పక్కింటికి పంపాను, ఏదో జరుగుతుందని నాకు తెలుస్తూనే ఉంది.

"బావా, మీ అక్కగారు మా చెల్లిని ఒక ప్రశ్న అడిగేరంట" అని మొదలుపెట్టాడు అన్నయ్య. "దానికి జవాబు ఆసుపత్రిలో దొరికింది. ఆ వైరసుది యూరప్ వంశమంట. మరి మా చెల్లి యూరప్ వెళ్ళిందా, కువైట్లో ఉన్నవాళ్ళెవరైనా తెచ్చేరా?"

మా ఆయన ముఖంలో రక్తం లేదు. వదినగారు తమ్ముడి వైపు చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గదిలో నేను ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, నేను నెగ్గినట్టే. ఆ ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. ఆయన నన్నే చూస్తున్నారు. కాదని అనలేదు. నా మీద మాట పడ్డ రోజు నేను ఫోన్ పట్టుకుని ఎలా నిలబడ్డానో ఆయన అలా కూర్చున్నారు.

"ఆగన్నయ్యా" అన్నాను. "నా జబ్బు పేరు చెప్పి నన్నొక రోజు బోనులో నిలబెట్టేరు, ఈవేళ ఈయన్ని నిలబెడుతున్నావు. రేపు అందరం కాకినాడ వెళ్దాం. ఆ వంశం సంగతేంటో డాక్టరమ్మగారినే అడుగుదాం. ఆవిడ ఏం చెబితే అది నలుగురం వినాలి. వదినగారూ, మీరు కూడా రావాలి."

"నేనెందుకమ్మా..." అన్నారావిడ.

"మొదట అడిగింది మీరు కదండీ."

మర్నాడు నలుగురం వెళ్ళాం. డాక్టరమ్మ మమ్మల్ని చూసి కుర్చీలు వేయించారు. నేనే అడిగాను, దాపరికం లేకుండా. "ఈ వైరస్ నాకు ఎవరి వల్ల వచ్చిందో దాని వంశం చూసి చెప్పగలరాండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి మా నలుగురినీ చూశారు. విషయం అర్థమైపోయింది.

"మీరేం చేస్తారండీ?" అని అన్నయ్యనడిగారు.

"అరటి తోటండి. లంకలో."

"చక్రకేళి, కర్పూరం, అమృతపాణి... ఇవన్నీ అరటే కదా. ఈ వైరస్‌లో కూడా అలా వందకు పైగా రకాలున్నాయి. చాలా వాటితో ప్రమాదం లేదు. పదహారోది, పద్దెనిమిదోది లాంటివి కొన్ని మొండివి. ఆ పదహారో రకంలో మళ్ళీ చిన్న చిన్న తేడాలుంటాయి. ఆ తేడాలు మొదట ఎక్కడ కనిపెడితే ఆ పేరు పెట్టేరు. యూరప్ వంశమన్నది అలా వచ్చిన పేరే. మన దేశంలో ఎక్కువగా కనిపించేది అదే. ఊరు కదలని వాళ్ళలోనూ అదే ఉంటుంది. మీ ఇంట్లో పళ్ళెంలో చక్రకేళి పండుందనుకోండి, అది ఎవరి తోటలోంచి వచ్చిందో పండుని చూసి చెప్పగలరా?"

అన్నయ్య తల దించుకున్నాడు. "చెప్పలేనండి" అన్నాడు.

"నేనూ చెప్పలేను. ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పలేను. పెళ్ళయిన కొత్తలో వచ్చి, ఏళ్ళ తరబడి దాక్కుని ఉండొచ్చు. కాపురం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుందండీ. చాలామందిలో ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది. కొందరిలో తరమలేకపోతుంది. ఈవిడలో తరమలేకపోయింది. అంతే. దీన్ని చూసి శీలం కొలుస్తామంటే నా దగ్గర అలాంటి పరీక్ష లేదు, ఉన్నా చెయ్యను."

వదినగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. క్షమించమని ఆవిడ ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. నాకు కోపం తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

ఇంటికి వచ్చాక మా ఆయన అన్నారు, "నన్ను నువ్వు ఒక్క మాటయినా అడగవేంటి?"

"మీరు నన్ను అడిగేరా?"

"అడగలేదు. కానీ అనుకున్నాను. అందుకే ఫోన్ చెయ్యలేకపోయేను."

"నేనూ కారులో అనుకున్నానండీ. ఇద్దరం ఒకటే. ఇప్పుడు నాకు కావాల్సింది సాక్ష్యం కాదు. పరీక్షకి వెళ్ళినప్పుడు పక్కన మనిషి కావాలి."

ఆయన సెలవు పొడిగించుకున్నారు. ఆడవాళ్ళ విభాగం ముందు, ఆ బల్లల మీద, ఒక మగాడు కూర్చోవడం అక్కడ వింత. ఆయన కూర్చున్నారు, నా ఫైలు ఒళ్ళో పెట్టుకుని.

శ్రావణమాసానికి షాపు తెరిచాను. రోజుకు నాలుగు జాకెట్లకంటే ఎక్కువ కుట్టలేకపోయేదాన్ని. రావాల్సినవాళ్ళలో కొందరు రాలేదు. పలివెల నుంచి ఎప్పుడూ వచ్చే ఒకావిడ కూతురి పెళ్ళి జాకెట్ గుడ్డ ఇచ్చి, రెండు రోజులకే వచ్చి వెనక్కి అడిగారు.

"శుభకార్యం కదండీ... మీకు ఒంట్లో బాలేదు కదా అనీ..." అని నసిగారు.

ఇదివరకైతే గుడ్డ మడతపెట్టి ఇచ్చేసి లోపలికి వెళ్ళి ఏడ్చేదాన్ని. షాపులో ఇంకో ముగ్గురున్నారు. "నాకు వచ్చింది గర్భసంచి ముఖద్వారం క్యాన్సరండీ" అన్నాను అందరికీ వినిపించేలా. "ముట్టుకుంటే అంటదు, సూదితో గుడ్డకి ఎక్కదు. మీ అమ్మాయికి అంటకుండా ఉండాలంటే నా దగ్గర్నుంచి గుడ్డ తీసుకెళ్ళడం కాదు చెయ్యాల్సింది. దానికి టీకా ఉంది, పెళ్ళికి ముందే వేయిస్తే మేలు. మీక్కూడా పరీక్ష ఉంది, మందూ మాకూ ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. ఇదిగోండి మీ గుడ్డ."

ఆవిడ గుడ్డ పట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురిలో ఒకావిడ మాత్రం కొలతలు ఇచ్చేశాక కూడా కదల్లేదు. జనం పలచబడ్డాక, "ఆ పరీక్ష ఎక్కడ చేస్తారండీ?" అని అడిగింది.

ఆ నెలలోనే హారికకు టీకా వేయించాం. వెళ్ళే ముందు అది ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, ఈ ఇంజక్షన్ వేయించుకున్నానని తెలిస్తే, అత్త నిన్నడిగినట్టు నన్నూ ఎవరైనా అడుగుతారా?" ఇంట్లో ఏం జరిగిందో దానికి తెలియదనుకున్నాను. పక్కింటికి పంపితే పిల్లలకు చెవులు ఉండవా? దాన్ని దగ్గరకు తీసుకుని చెప్పాను, "అడిగితే తలెత్తుకుని చెప్పు. మా అమ్మకి వచ్చింది, నాకు రాకూడదని వేయించింది అని. దానికి ఎదురు మాట ఎవరి దగ్గరా ఉండదు." వాళ్ళ నాన్న తోడు వెళ్ళారు. వచ్చాక చెయ్యి నొప్పి అని ఆ పూట హోంవర్క్ ఎగ్గొట్టింది.

దసరా ముందు మరిడమ్మ గారికి మళ్ళీ వచ్చిందని తెలిసింది. ఊపిరితిత్తులకు పాకింది. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద నుంచే, "షాపు బాగుందా? సిగ్గు పడకు" అన్నారు. కార్తీకంలో పోయారు. నేను డాక్టరమ్మను అడిగాను, "ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే వైద్యం. ఆవిడెందుకు పోయేరండీ, నేనెందుకు ఉన్నాను?" ఆవిడది కూడా పదహారో రకమే, కానీ వేరే వంశమట. అదే కారణమని చెప్పలేమన్నారు. "రకరకాల కారణాలుంటాయి. ఆ చిన్న తేడాలు అందులో ఎంత పాపం మూటగట్టుకున్నాయో తెలుసుకోవడానికే మీ ఇద్దరి ముక్కలూ మా దగ్గరున్నది" అన్నారు. ఎవరిని నిందించాలో తేల్చడానికి మా వాళ్ళు ఏ తేడాలను పట్టుకుని దెబ్బలాడారో, వాటి అసలు పని ఇదన్నమాట. ఒక మనిషిని ఎందుకు బతికించలేకపోయామో తెలుసుకోవడం.

మా ఆయన మళ్ళీ కువైట్ వెళ్ళారు. ఫోన్ రోజుకు రెండుసార్లు వస్తోంది.

చలికాలం చివర్లో ఒక ఉదయం నాగమణి వదినగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇక్కడ ఆశా వర్కరు అమ్మాయి వచ్చి అందర్నీ పరీక్షకి తీసుకెళ్ళింది. నాకేదో ఉందంట. కాకినాడ వెళ్ళమన్నారు. ఒక్కదాన్నీ వెళ్ళలేను. నువ్వొస్తావా?" అన్నారు. మా అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, చేపల చెరువుల దగ్గర కాపలా చేస్తారు. కాకినాడ దాటి ఎరగని మనిషి. "మరి మీకెలా వచ్చిందండీ?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది అనడానికి నాకు హక్కుందని కూడా అనిపించింది. అనలేదు. ఆ ప్రశ్న ఎలా తగులుతుందో నాకు తెలుసు.

"వస్తున్నానండీ. ముమ్మిడివరంలో బస్సు దగ్గర ఉండండి" అన్నాను.

ఆవిడకు క్యాన్సర్ లేదు. ముందుముందు అదిగా మారగల మచ్చలు మాత్రం ఉన్నాయి. అక్కడికక్కడే చిన్న చికిత్స చేసి తీసేశారు. బల్ల మీద ఎదురుచూస్తున్నప్పుడు ఆవిడ ఫైలు బోర్లా పెట్టుకున్నారు. నేను దాన్ని తిరగెయ్యలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లోపల డాక్టరమ్మను మాత్రం అడిగేశారు, "ఇది ఏ వంశమండీ?" అని. "అది చూడలేదమ్మా. మీకు నయమవడానికి అది అక్కర్లేదు" అన్నారావిడ.

తిరుగు ప్రయాణంలో యానాం దాటేదాకా వదినగారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఎదుర్లంక వంతెన ఎక్కాక, ముందు సీటులో చంటిపిల్లతో ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగి, "ఎక్కణ్ణించి వస్తున్నారండీ?" అని పలకరించింది.

నేను నోరు తెరిచేలోపే వదినగారు పైట సర్దుకుని ముందుకు వంగారు. "కాకినాడ ఆసుపత్రి నుంచండి. గర్భసంచి ముఖద్వారానికి పరీక్ష చేయించుకుని వస్తున్నాం" అన్నారు, డ్రైవరుకు కూడా వినిపించేంత గట్టిగా. "మరి మీరు చేయించుకున్నారా?"